కొల్లేటిలో కొండలు

మా పాత ఆఫీసులో ఇప్పుడు డ్రాయింగ్ బల్లలు లేవు. ఈ మధ్య ఒక పని మీద వెళితే గదినిండా కంప్యూటర్లు కనిపించాయి. మా కాలపు వాలుబల్ల ఒకటి మాత్రం మూలన మిగిలింది. వాలు తీసేసి, చదునుగా బిగించి, దాని మీద టిఫిన్ క్యారియర్లు పెట్టుకుంటున్నారు. బాగానే ఉంది. ఆ బల్ల మీద వంగి వంగి నా మెడ పాడయింది. దానికి అంతకంటే మంచి ఉపయోగం దొరికితే నాకు సంతోషమే.

కొత్తగా చేరిన ఒక ఇంజనీరు నాకు కుర్చీ వేసి, "మీ రోజుల్లో కష్టమండి, అన్నీ చేత్తో గీసేవారు కదా" అన్నాడు. గీయడం కష్టం కాదు. రెండేళ్లు నేర్పితే ఎవరికైనా గీత తిన్నగా వస్తుంది. కష్టం వేరేచోట ఉంది. ఆ రోజు అతనికి చెప్పే వ్యవధి లేకపోయింది. అతనిలాగా ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ల కోసం ఇప్పుడు రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు ఇందులో ఉండవు. వాటివల్ల నేను నేర్చుకున్నదేమీ లేదు.

కాగితం ఎక్కడినుంచి వచ్చింది

ఏలూరులో ఒక సర్కారు కార్యాలయపు డ్రాయింగ్ సెక్షన్లో ముప్పై ఆరేళ్లు పనిచేశాను. కాలవలు, మురుగుకాలవలు, కొల్లేటి గట్లు, వీటి పటాలు మా పని. మొదట ట్రేసర్‌గా చేరాను. అంటే పెద్దవాళ్లు పెన్సిలుతో గీసిన పటం మీద ట్రేసింగ్ క్లాత్ పరిచి, సిరాతో ఎత్తి గీసేవాణ్ణి. ట్రేసింగ్ క్లాత్ గంజి పట్టించిన సన్నని నూలుగుడ్డ. కాగితంలా పెళపెళలాడుతుంది, కింది గీత పైకి కనిపిస్తుంది. పాడైన ముక్కల్ని ఇంటికి పట్టుకెళ్లి గంజి పోయేలా ఉతికితే మెత్తని బట్ట చేతికొచ్చేది. మా ఇళ్లలో పసిపిల్లల చొక్కాలన్నీ వాటితో కుట్టినవే.

చేరిన ఏడాదే తాడేపల్లిగూడెం దగ్గర ఒక తూము కట్టే చోటు గుర్తించమని పటం నాకిచ్చారు. నేను ప్రింటు మీద స్కేలు పెట్టి దూరం కొలిచి రాసేశాను. ప్రింటు తీసేటప్పుడు కాగితాన్ని నీళ్లలో కడుగుతారు, అది ఆరేటప్పుడు ముడుచుకుంటుందని నాకు తెలుసు. ఆ కాస్తకీ ఏమవుతుందిలే అనుకున్నాను. మేస్త్రీ నేను రాసిన చోటే గొయ్యి తవ్వించాడు. పొలాలకు నీళ్లు తీసుకెళ్లే బోదె ఇంకోచోట ఉంది. గట్టు మీద రైతులు చేరి నవ్వారు. ఒకాయన, "ఏవండీ, తూమిక్కడే కట్టేయండి. బోదెని మేం మోసుకొచ్చి పెట్టుకుంటాం లెండి" అన్నాడు.

ఆ రోజు నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. ఏ పటం చేతికొచ్చినా అందులో ఏముందో చూసేముందు అది దేన్నుంచి వచ్చిందో అడుగుతాను. ప్రింటు వెనక ట్రేసింగ్ ఉంటుంది. ట్రేసింగ్ వెనక పెన్సిలు పటం, దాని వెనక కొలతల పుస్తకం. ఆ పుస్తకం వెనక ఎండలో బురదలో నిలబడిన ఒక మనిషి ఉంటాడు. అక్కడిదాకా వెళ్లనివాడు పటం చదివినట్టు కాదు. నేను ఇది నమ్ముతాను. అయినా అక్కడిదాకా వెళ్లి కూడా ఒకసారి ఘోరంగా తప్పు చేశాను. ఇప్పుడు చెప్పబోయేది దాని గురించే.

శాంతి తెచ్చిన బొమ్మ

నిరుడు వానలు వెనకబట్టాక శాంతి మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఇంటికి ఎవరైనా వస్తే ఏం మాట్లాడాలో నాకు తోచని రోజులవి.

శాంతి తాడేపల్లిగూడెంలో సైన్సు టీచరు. ఆమె తండ్రి ఇమ్మానియేలు కొల్లేటి దృశ్యాలు గీసిన చిత్రకారుడిగా పేరు తెచ్చుకున్నాడు. ఆయన పోయి ఆరేళ్లయింది. పేరు రావడానికి చాలా ముందు, కుర్రతనంలో, ఏడెనిమిది నెలలు మా సెక్షన్లో తాత్కాలిక ట్రేసర్‌గా ఉన్నాడు. నాది పక్క బల్ల.

తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీవాళ్లు ఇమ్మానియేలు బొమ్మలకు ఒక గది కేటాయిస్తామన్నారు. శాంతి ఊరూరా తిరిగి బొమ్మలు పోగుచేస్తోంది. కొల్లేటిలో ఒక లంక గ్రామంలో మంగమ్మ అనే ముసలామె దగ్గర ఒకటుందని తెలిసి వెళ్లింది.

"నాన్నగారి బొమ్మల్లో ఇదే మొదటిదేమో అనిపిస్తోందండి, బాబాయిగారూ. కానీ ఒక చిక్కొచ్చిపడింది" అంటూ గొట్టంలోంచి తీసి నా చేతిలో పెట్టింది.

బారెడు పొడవు, జానెడు వెడల్పు. సిరాతో గీసింది. సంతకం లేదు. నిటారుగా లేచిన ఐదు కొండలు, వాటి మీద చిన్న చిన్న తాటిచెట్లు, గుడిసెలు. ముందువైపు ఎండిన చదును నేల. కుడి మూల బొటనవేలంత మనిషి, చేతిలో పొడుగాటి కర్రతో నిలబడి ఉన్నాడు.

మంగమ్మ శాంతికి చెప్పింది ఇది. ఆ బొమ్మని ఇమ్మానియేలు గీసి తన భర్త గంగరాజుకి ఇచ్చాడు. అందులో ఉన్న మనిషి గంగరాజే. గంగరాజు చిన్నవయసులోనే పోయాడు. అతనికి ఒక్క ఫోటో కూడా లేదు. పెళ్లిలో తీయించుకోలేదు, తర్వాత తీయించుకునే అవసరం రాలేదు. ఆమె దగ్గర భర్త రూపం అంటూ మిగిలింది ఆ బొటనవేలంత బొమ్మ. దాన్ని కాలేజీకి ఇవ్వడానికి ఒప్పుకుంది. ఒక్కటే షరతు: కింద తన భర్త పేరు రాయాలి.

శాంతి జాగ్రత్త మనిషి. పేరు రాసేముందు పై ఊరి నుంచి వచ్చిన, బొమ్మల సంగతి తెలిసిన ఒక ప్రొఫెసరుగారికి చూపించింది. ఆయన ఒక పేజీ రాసిచ్చారు. కొల్లేటి చుట్టుపక్కల ఇలాంటి కొండలు లేవు, ఇమ్మానియేలు కుర్రతనంలో కొండప్రాంతాలకు వెళ్లినట్టు లేదు, కాబట్టి ఇది కొల్లేరూ కాదు, ఇమ్మానియేలు చేయి కావడమూ అనుమానమే. మూలనున్నవాడు గొర్రెల కాపరి కావచ్చు. అదీ సారాంశం.

"ఆయన అన్యాయంగా ఏమీ రాయలేదండి. నాకూ కొండలే కనపడుతున్నాయి. ద్వారకా తిరుమల కొండేమోనని పోల్చి చూశాను, కాదు" అంది శాంతి. "కానీ ఆవిడ దగ్గరికెళ్లి, నువ్వు యాభయ్యేళ్లుగా చూసుకుంటున్నది నీ మొగుణ్ణి కాదు, ఎవరో గొర్రెల కాపరిని అని ఎలా చెప్పనండీ?"

అడ్డం ఒక కొలత, నిలువు ఒక కొలత

అలవాటు ప్రకారం ముందు వెనక్కి తిప్పి చూశాను. ట్రేసింగ్ క్లాత్. ఒక మూల నీటిచుక్క పడి గంజి పోయి మెత్తబడింది. అంటే ఏదో డ్రాయింగ్ సెక్షన్ నుంచి వచ్చిన ముక్క. మళ్లీ ముందుకి తిప్పి ఆ ఐదు కొండల్ని కాసేపు చూశాను. వాటి మీది చెట్లు, గుడిసెలు వదిలేసి ఒట్టి నేలగీతనే చూశాను. అప్పుడు తెలిసింది.

"ఇవి కొండలు కావమ్మా. లంకలు."

"ఇంతెత్తు లంకలెక్కడున్నాయి, బాబాయిగారూ?"

ఈ పనిలో లేనివాళ్లకు కొంచెం వివరించాలి. మా ప్రాంతంలో నేల ఎంత చదునంటే, దాన్ని ఉన్నదున్నట్టు పక్కనుంచి గీస్తే పటం మీద తిన్నటి గీత ఒకటే వస్తుంది. నీరు ఎటు పోతుందో దాన్ని చూసి ఎవరూ చెప్పలేరు. అందుకని నేల ఎత్తుపల్లాల పటం గీసేటప్పుడు రెండు కొలతలు వాడతాం. అడ్డంగా ఒక అంగుళానికి నాలుగు వందల అడుగులు. నిలువుగా ఒక అంగుళానికి నాలుగే అడుగులు. అంటే ఎత్తుని వందరెట్లు సాగదీస్తాం. ఎనిమిదడుగుల మెరక మా పటంలో రెండంగుళాల శిఖరంలా లేస్తుంది. కొల్లేటి లంక గ్రామాలు అలాంటి మెరకల మీదే ఉంటాయి. నడిచి ఎక్కితే ఎక్కినట్టు కూడా తెలియదు. వరద వచ్చినప్పుడు మాత్రం తెలుస్తుంది.

ఇదంతా చెప్పాక శాంతి మళ్లీ బొమ్మ మీదికి వంగి చూసింది. తర్వాత నవ్వేసింది. "ఏడాదికి నాలుగు సెక్షన్లకి గ్రాఫు పాఠం చెప్తానండి నేను. నాకు తట్టలేదు చూశారా!"

ఇమ్మానియేలు అలా ఎందుకు గీశాడో నాకు తెలియదు. నెలల తరబడి అలాంటి పటాలే ఎత్తిగీస్తే కళ్లకి నేల అలాగే కనిపించడం మొదలవుతుంది. నాకూ కొన్నాళ్లు ఏలూరు రోడ్లు ఎక్కి దిగుతున్నట్టు ఉండేవి. కానీ అతను చెట్లని సాగదీయలేదు, గుడిసెల్ని సాగదీయలేదు, మనిషిని సాగదీయలేదు. నేలనొక్కదాన్నే ఎత్తాడు. తెలిసే చేశాడని నా అభిప్రాయం. అడుగుదామంటే మనిషి లేడు.

ఆ తర్వాత మా ఆవిడ పేపరు చదువుకునే భూతద్దం తెచ్చి మూలనున్న మనిషిని చూశాను. చేతిలో కర్ర అతనికి రెండింతలకు పైగా ఉంది. దాని మీద సన్నని అడ్డగీతలున్నాయి. గొర్రెల కాపరులెవరూ అంత కర్ర మొయ్యరు. అది స్టాఫు. నేల ఎత్తు కొలిచేటప్పుడు నిలబెట్టే పద్నాలుగు అడుగుల కొలకర్ర. అక్కడితో ఆగి ఉంటే ఎవరో ఒక స్టాఫ్‌మన్ అనుకునేవాణ్ణి. కర్ర అడుగుభాగం కూడా చూశాను. అది నేలమీద లేదు. ఆ మనిషి తన ఎడమపాదం ముందుకు చాపి, దాని మీద నిలబెట్టాడు.

భూతద్దం కింద పెట్టేశాను. ఆ మనిషి నాకు తెలుసు. అతని పేరు గంగరాజని మంగమ్మ చెప్పకపోయినా నేను చెప్పగలిగేవాణ్ణి. శాంతి మొదట ఆ పేరు చెప్పినప్పుడు ఆ పేరుగలవాళ్లు చాలామంది ఉంటారులే అనుకున్నాను.

"ఒక వారం నా దగ్గర ఉంచమ్మా" అని మాత్రం అన్నాను. ఎందుకో చెప్పలేదు.

రెండున్నర అంగుళాలు

నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు ఒక వేసవిలో కొల్లేటి అడుగు చాలా మేర ఎండింది. రెండు బృందాల్ని పంపి నేల ఎత్తులు కొలిపించారు. అప్పటికి నన్ను ట్రేసింగ్ నుంచి, కొలతల పుస్తకాలు చూసి పటం గీసే పనికి మార్చారు. ఒక బృందం పొడవునా కొలుచుకుంటూ వస్తే రెండోది అడ్డంగా కొలిచింది. రెండూ కలిసే ప్రతిచోటా ఒకే నేలకు రెండు ఎత్తులు వచ్చాయి. పొడవు వరస ప్రతిసారీ సుమారు రెండున్నర అంగుళాలు ఎక్కువ.

రెండున్నర అంగుళాలు ఇంకెక్కడైనా లెక్కలోది కాదు. కొల్లేట్లో ఆ కాస్త తేడాకి నీటి అంచు చాలా దూరం జరుగుతుంది. ఎవరి చెరువు సరస్సు లోపల, ఎవరిది బయట అనే తగువులన్నీ ఆ అంచు మీదే.

పొడవు వరస పుస్తకం లెక్క చూస్తే తప్పేమీ లేదు. ఎత్తు తెలిసిన రాయి దగ్గర మొదలుపెట్టి, ఇంకో అలాంటి రాయి దగ్గర ముగించి చూస్తే సరిగ్గా కలిసింది. నేను కాసేపు తల గోక్కుని, ఆ వరసంతా రెండున్నర అంగుళాలు తగ్గించి పటం గీసేశాను.

మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ అవధాని గారు. నా ఉద్యోగంలో నేను చూసిన పై అధికారుల్లో చాలామంది జీపు దిగకుండా కొల్లేటిని చూసినవాళ్లే. ఆయన మాత్రం దోనెలో, కాలినడకన తిరిగినవారు. పటం చూసి నన్ను పిలిచారు.

"ఏమోయ్ మూర్తీ, కొల్లేటిని రెండున్నర అంగుళాలు దింపేశావు. ఎవరినడిగి?"

"సర్దుబాటండి. రెండు పుస్తకాలూ కలవాలి కదండీ."

"ఎక్కడ? నీ బల్ల మీదా? రేపు పొద్దున్నే చెప్పులు లేకుండా రా."

మర్నాడు తాటిదోనెలో కొంత దూరం, నడిచి కొంత దూరం వెళ్లాం. అక్కడ లెవెల్ యంత్రం పక్కన కూర్చుని ఇమ్మానియేలు అంకెలు పుస్తకంలో ఎక్కిస్తున్నాడు. ఆ వేసవికి అతన్ని ఆ పనికి పంపారు. స్టాఫు పట్టుకున్నవాడు గంగరాజు. పాతికేళ్లవాడు, పొడుగు, మాట తక్కువ. రాయి దగ్గర స్టాఫుని రాయి మీద పెట్టాడు. యంత్రాన్ని జరిపేముందు గుర్తుగా మేకు కొట్టిన చోట మేకు మీద పెట్టాడు. మధ్యలో ఒట్టి నేల వచ్చేసరికి ఎడమకాలు చాపి పాదం మీద నిలబెట్టాడు. అవధాని గారు నాలుగుచోట్ల చూశారు.

"ఆ కాలెందుకోయ్ అడ్డం పెడుతున్నావు?"

"కర్ర దిగిపోద్దండి. పైపొర గట్టిగానే ఉంటాది గానండి, లోపలంతా జావండి. బాబుగారు అంకె చెప్పేలోపు ఇంకాస్త దిగుద్ది. కాలి మీదెడితే కదలదండి."

"కాలు నొప్పెట్టదూ?"

"పెడద్దండి. మరి అంకె సరిగ్గా రావాలి గదండీ."

అవధాని గారు వంగి అతని పాదం మందం స్కేలుతో కొలిచారు. రెండున్నర అంగుళాలు. లెక్క ముందుకు నడిచేది రాళ్ల మీదా మేకుల మీదా, అక్కడ సరిగ్గానే పెట్టాడు కాబట్టి కలిసింది. మధ్యలో ఉన్న నేలంతా అతని పాదమంత ఎత్తు పెరిగింది. అందరం నవ్వాం. గంగరాజు కూడా నవ్వాడు.

లెక్క కలిసిందంటే తప్పు లేదని అర్థం కాదు. రెండు వేర్వేరు కొలతలు ఒకేచోట కలిసి తేడా చూపించినప్పుడు దాన్ని సర్దేయకండి. అక్కడ మీకు తెలియని సంగతి ఒకటి జరుగుతోంది. ఇంతవరకు నేను నేర్చుకున్న పాఠం మంచిదే.

తిరిగి వచ్చాక ఫైలు కోసం ఒక నోటు రాయమన్నారు. మెత్తటి నేల మీద స్టాఫు కింద ఇనపపలక పెట్టి మధ్య కొలతలు మళ్లీ తీయాలి, అంతే రాయాలి. కారణం కనిపెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణని అందరికీ తెలియాలనుకున్నాను. "స్టాఫ్‌మన్ గంగరాజు అజాగ్రత్త వల్ల, స్టాఫును పాదముపై నిలుపుట చేత" అని నా సొంతంగా చేర్చాను. అవధాని గారు సెలవులో ఉంటే నోటు నేరుగా పైకి వెళ్లింది. వారం తిరగకుండా గంగరాజుని పనిలోంచి తీసేశారు.

అవధాని గారు వచ్చి నోటు చదివారు. అరవలేదు. "పలక ఇవ్వకుండా పంపింది మనం. వాడు కాలిచ్చాడు. పేరు రాయమని నిన్నెవరడిగారు?" అన్నారు. పైకి వెళ్లి మాట్లాడారు. పని జరగలేదు. ఇమ్మానియేలు కూడా ఆ నోటు చదివాడు. రెండు నెలల తర్వాత ఉద్యోగం మానేసి వెళ్లేదాకా నాతో మాట్లాడలేదు. ఈ సంగతి నేను మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

రికార్డు గది

ఇప్పుడు ఆ సెక్షన్ చూస్తున్న ఆఫీసరు పద్మ గారు. ఏం కావాలో చెబితే రికార్డు గది తాళం తీయించి, తనూ కొంగు బిగించి వచ్చారు. మూడు రోజులు వెతికాం. ఆ వేసవి పొడవు వరసకి గీసిన పటం దొరికింది, దాని కొలతల పుస్తకం దొరికింది.

పటం మీద బొమ్మని పరిస్తే ఐదు లంకలూ వెంట్రుక తేడా లేకుండా పటంలోని మెరకల మీద కూర్చున్నాయి. ఇమ్మానియేలు నేలగీతని ఆ పటం నుంచే ఎత్తాడు. కొలతల పుస్తకంలో అంకెలు ఎక్కించినవాడిగా అతని సంతకం ఉంది. రిమార్కుల గడి ఖాళీగా ఉన్నచోటల్లా చిన్న చిన్న తాటిచెట్లు గీశాడు. బొమ్మలో లంకల మీద ఉన్నవి ఆ చెట్లే. ఒకటే పిలక, ఒకటే వంపు.

పద్మ గారు రెండింటినీ స్కాన్ చేసి, కంప్యూటర్లో ఎత్తుని వందో వంతుకి తగ్గించారు. కొండలు అణిగి నేలలో కలిసిపోయాయి.

"పోయాయండీ కొండలు! ఇది రోజూ మేం నడిచే రోడ్డులా ఉంది" అన్నారామె. ఆ పొంగు నాకు బాగుంది. మా తర్వాత ఈ పని ఎవరికీ పట్టదేమో అనుకునేవాణ్ణి.

అదే ఫైల్లో నా నోటు కూడా ఉంది. ఆమె చదివారు. చేతిరాత పోల్చుకున్నారేమో, నా వైపు చూడకుండా, "దీన్ని కూడా స్కాన్ చేయమంటారా?" అని అడిగారు.

వద్దందామని ఒక్క క్షణం అనిపించింది. పటం వల్ల బొమ్మ కొల్లేటిదని తేలింది. చెట్ల వల్ల ఇమ్మానియేలు చేయి అని తేలింది. కానీ ఆ మూల మనిషి గంగరాజే అని చెప్పే కాగితం ప్రపంచంలో అదొక్కటే. కూలీల హాజరు పట్టీలు ఎప్పుడో పారేశారు. పాదం మీద స్టాఫు పెట్టిన మనిషి పేరు నేను చేసిన ఫిర్యాదులో మాత్రమే ఉంది.

"చెయ్యండమ్మా" అన్నాను.

ఆ సాయంత్రం శాంతికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. "ఆవిడకి మీరే వచ్చి చెప్పండి, బాబాయిగారూ. నేను పక్కనుంటాను" అంది.

లంకలో

ఏలూరు నుంచి ఆటోలో వెళ్లాం. ఒకప్పుడు దోనెలో వెళ్లిన దారికి ఇప్పుడు రోడ్డుంది, రెండు పక్కలా చేపల చెరువులు. మంగమ్మ వరండాలో కూర్చుని వల బాగుచేసుకుంటోంది. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం పెద్దది.

"రండి బాబుగారూ. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి, సూసుకుని కూకోండి."

శాంతి ముందు మంచిమాట చెప్పింది. బొమ్మ కొల్లేటిదేనని, అందులో ఉన్నది గంగరాజేనని రుజువు దొరికిందని. "అది నాకు తెలిసిందే గదండీ" అని నవ్విందామె. అప్పుడు నేను నోటు తీసి చదివాను. ఎవరు రాశారో చెప్పాను.

ఆమె చేతిలో వల ఆగింది. "అయితే ఆ కాయితం రాసింది తమరాండీ?"

"నేనేనమ్మా."

"మా ఆయన బతికున్నన్నాళ్లూ తమర్ని తిట్టేడండి. పేరు తెలీదు గదా, ఆ కాయితపోడు, ఆ కాయితపోడు అనేవోడు. అన్నం తినేటప్పుడు తమరికి పొలమారేది కాదాండీ?"

"మారే ఉంటుందమ్మా."

"మారాలండి. గట్టిగా మారాలి."

శాంతి తల వంచుకుంది. నవ్వు ఆపుకుంటోందో ఇంకేమిటో నాకు తెలియలేదు. ఆ పని పోవడం వల్లే గంగరాజు దెబ్బతిన్నాడా అని అడిగాను. యాభయ్యేళ్లుగా నేను అడగాలనుకున్నది అదే.

"దానికీ దీనికీ ముడెట్టకండి. పని పోయేక వల పట్టేడు. బాగానే తిన్నాం. నాలుగేళ్లకి కామెర్లొచ్చి పోయేడు. ఆయనకి పని పోయినందుకు కాదండి కోపం. కాలెందుకెట్టేడో అందులో రాసేరాండీ?"

"రాయలేదు."

"అదీ! దొంగతనం చేసేనన్నా పడతాను గానీ, ఒళ్లు దాసుకున్నానంటే పడను అనేవోడు. ఆ ఇమ్మానియేలు బాబు ఇంటికొచ్చి ఈ బొమ్మిచ్చేడు. వాళ్లు రాసింది వాళ్ల దగ్గరుంటాది, నేను గీసింది నీ దగ్గరుంచుకో అన్నాడండి."

మళ్లీ వల చేతిలోకి తీసుకుని, "ఇప్పుడు రాయండి" అంది.

"ఏమిటమ్మా?"

"కాలెందుకెట్టేడో."

అక్కడే కాగితం మీద రాశాను. మొదట "సర్వే కూలీ గంగరాజు" అని రాస్తే ఆమె ఒప్పుకోలేదు. "ఇస్టాపుమేను అనే రాయండి. ఆ మాటంటే ఆయనకి ఇష్టం." చివరికి కుదిరింది ఇది: "కొల్లేటి లంకలు. ఇమ్మానియేలు గీసిన తొలి చిత్రం. కుడివైపు నిలబడినది స్టాఫ్‌మన్ గంగరాజు. మెత్తని నేలలో కొలకర్ర దిగి అంకె తప్పుతుందని తన పాదం మీద నిలబెట్టాడు. పలక ఇవ్వవలసింది కార్యాలయం. ఇవ్వలేదు."

రెండుసార్లు చదివించుకుంది. మూడోసారి శాంతి చేత చదివించుకుంది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు మనుషుల గురించి ఫైళ్లలో రాయాల్సి వస్తుంది. తప్పు ఎలా జరిగిందో రాయండి. ఆ పని చేసేవాడికి మీరు ఇవ్వవలసింది ఏదైనా ఇవ్వకపోతే అది కూడా రాయండి. ఆ రెండూ రాశాక పేరు రాయవలసిన అవసరం చాలాసార్లు కనపడదు.

కాలేజీ గది

ప్రొఫెసరుగారికి పటం, పుస్తకం, నోటు నకళ్లు పంపాం. ఆయన తన పేజీ వెనక్కి తీసుకుని కొత్తది రాసిచ్చారు. కొలతల పటం ఎలా చదవాలో నేర్పమని నాకు విడిగా ఒక ఉత్తరం కూడా రాశారు. పెద్దమనిషి. ఇప్పుడు ఆ బొమ్మ కాలేజీలో ఉంది. దాని పక్కన పొడవు పటం, నా నోటు నకలు పెట్టించాను. నా పేరు తీసేద్దామని కాలేజీవాళ్లు మర్యాదగా అడిగారు. అక్కర్లేదన్నాను. శాంతి తన పిల్లల్ని గ్రాఫు పాఠానికి అక్కడికే తీసుకెళుతోంది.

అసలు బొమ్మ కాలేజీకి ఇచ్చేసింది కాబట్టి మంగమ్మ కోసం ఆ మూల మనిషిని ఒక్కణ్ణీ పెద్దది చేయించి ఫ్రేము కట్టించాం. మొన్న ఆదివారం, శాంతి చర్చి నుంచి వచ్చాక, ఇద్దరం పట్టుకెళ్లాం. పోయినవాళ్ల పటానికి వేస్తారు కదా అని శాంతి ఏలూరులో గంధపుచెక్క దండ ఒకటి కొంది.

మంగమ్మ ఫ్రేముని ఒళ్లో పెట్టుకుని, శుభ్రంగానే ఉన్న అద్దాన్ని కొంగుతో తుడిచింది. చాలాసేపు చూసింది.

"పిక్కలు మరీ సన్నంగా గీసేడు. ఇంత సన్నం కాదు" అంది.

తను రోజూ కూర్చునే చోటుకి ఎదురుగా మేకు కొట్టించి, పటం తన చేత్తోనే తగిలించింది. వెనక్కి వచ్చి చూసి, మళ్లీ వెళ్లి కొంచెం సరిచేసింది. శాంతి సంచిలోంచి దండ తీసి ముందుకి నడిచింది. మంగమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండండమ్మా. ఇప్పుడే గదా వచ్చి నిలబడ్డాడు. అప్పుడే దండేటండీ?"